మా ఊరి పాత థియేటర్లో ఉచిత హాలోవీన్ ట్రిక్ ఆర్ ట్రీట్: చిన్నపిల్లలతో వెళ్ళొచ్చా?

లలిత_ఒహాయో

అందరికీ నమస్తే. మాది ఒహాయోలో చిన్న ఊరు. ఇక్కడ తెలుగు ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు కాబట్టి ఊరి పేరు రాయడం లేదు. డౌన్‌టౌన్‌లో 1920ల నాటి సినిమా థియేటర్ ఒకటుంది. బయట నిలువు బోర్డు, చుట్టూ బల్బులు. ఇప్పుడు నాటకాలు, కచేరీలు, పాత సినిమాలు వేస్తున్నారు. అక్టోబర్ చివరి శనివారం మధ్యాహ్నం అందులో పిల్లలున్న కుటుంబాలకి ఉచితంగా ట్రిక్ ఆర్ ట్రీట్ (పిల్లలు వేషాలేసుకుని తిరుగుతూ క్యాండీ అడిగి తెచ్చుకునేది) పెడుతున్నారని లైబ్రరీలో పోస్టర్ చూశాను. లాబీ నుంచి స్టేజీ వెనక మేకప్ గదుల దాకా బల్లలు వేసి, ఊళ్ళో దుకాణాల వాళ్ళు, ఫైర్ స్టేషన్ వాళ్ళు క్యాండీ పంచుతారట. పైప్ ఆర్గన్ (పైపుల్లోకి గాలి పంపి మోగించే పెద్ద వాద్యం) కూడా వాయిస్తారట.

పాపకి అయిదేళ్ళు, బాబుకి రెండు. అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. "దయ్యాల పండక్కి పసిపిల్లల్ని తీసుకెళ్ళడమేంటమ్మా" అంటున్నారు. మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. ఉచితం అంటే లోపలికి వెళ్ళాక ఏదైనా కొనాల్సి ఉంటుందా? పిల్లలు భయపడతారా? వెళ్ళినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రవి_గోదావరి (టాంపా)

లలితగారూ, తప్పకుండా వెళ్ళండి. ఉచితం అంటే ఉచితమే. ఇలాంటి పాత థియేటర్లు చాలావరకు లాభాపేక్ష లేని సంస్థల చేతుల్లోనో, సిటీ చేతుల్లోనో ఉంటాయి. క్యాండీ ఖర్చు మామూలుగా బల్లలు వేసే దుకాణాలే పెట్టుకుంటాయి. పాప్‌కార్న్ అమ్మితే అమ్ముతారు, కొనమని ఎవరూ అడగరు. రిజిస్ట్రేషన్ ఉందేమో మాత్రం చూసుకోండి. లోపల ఒకేసారి ఎంతమంది ఉండొచ్చో ఫైర్ రూల్స్ ఉంటాయి కాబట్టి, డబ్బు తీసుకోకపోయినా టైం స్లాట్ పెడుతుంటారు.

మా దగ్గర టాంపా థియేటర్ 1926 అక్టోబర్‌లో తెరిచారు. జాన్ ఎబర్సన్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్. హాల్లో కూర్చుంటే ఏదో మధ్యధరా దేశంలో రాత్రిపూట పెరట్లో కూర్చున్నట్టు ఉంటుంది. చుట్టూ బాల్కనీలు, విగ్రహాలు, తీగలు, పైన ముదురు నీలి ఆకాశంలో మినుకుమినుకుమనే 99 నక్షత్రాలు. మావాడు మొదటిసారి తలెత్తి చూసి "నాన్నా, పైకప్పు ఎవరు తీసేశారు?" అనడిగాడు. అలాంటి చోట మీ పాప క్యాండీ సంగతే మర్చిపోతుంది చూడండి.

శ్రీధర్_ఎన్‌జె

అందరూ వెళ్ళమనే అంటారు కాబట్టి నేను వేరే మాట చెప్తాను. ఉచితమా, సేఫా అన్నది కాదు నా బాధ. 2024లో దీపావళి, హాలోవీన్ ఒకేరోజు, అక్టోబర్ 31న పడ్డాయి. మా ఇంట్లో పూజ జరుగుతుంటే పిల్లల కళ్ళన్నీ వీధి గుమ్మం మీదే. హారతి అయ్యేదాకా కూర్చోబెట్టడమే గగనమైపోయింది. దసరాకి బొమ్మల కొలువు పెట్టడానికి తీరిక లేదంటాం, దీనికి మాత్రం నెల ముందే కాస్ట్యూమ్ ఆర్డర్ పెడతాం. మీ అత్తగారు అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఎవరినీ నొప్పించాలని కాదు, నిజంగానే బాధతో రాస్తున్నా.

సత్యవతి_తెనాలి

శ్రీధర్ బాబూ, నీ బాధ నాకు అర్థమైంది. నేను ఏటా కొన్ని నెలలు మా అమ్మాయి దగ్గర డెట్రాయిట్‌లో ఉంటాను. మొదటిసారి పిల్లలు వేషాలేసుకుని గుమ్మంలో నిలబడితే నాకు మా బడి గుర్తొచ్చింది. దసరా వస్తే అయ్యవారు పిల్లలందరినీ వెంటేసుకుని ఊళ్ళో ఇల్లిల్లూ తిప్పేవారు. రంగుకాగితాలు అంటించిన విల్లంబులు మా చేతుల్లో, బుక్కా, పూలరేకులు మా జేబుల్లో. గుమ్మం ముందు నిలబడి పద్యాలు పాడేవాళ్ళం. ఇంటివాళ్ళు రావడం ఆలస్యమైతే ఆ పాటలోనే దెప్పేవాళ్ళం. అయ్యవారికి డబ్బులు, మాకు పప్పుబెల్లాలు. ఇప్పుడు మా ఊళ్ళో ఆ ఆచారం లేదు. అది పోయింది హాలోవీన్ వల్ల కాదు కదా నాయనా, మనమే వదిలేశాం.

లలితా, మీ అత్తగారిని కూడా తీసుకెళ్ళమ్మా. ఇంట్లో కూర్చుని ఊహించుకుంటే దయ్యాలే కనపడతాయి. అక్కడికొస్తే సీతాకోకచిలుకల రెక్కలు కట్టుకున్న పిల్లలు కనపడతారు. తెనాలి వైపు ఆడవాళ్ళకి స్టేజీ అంటే ఎలాగూ ఇష్టమే. సురభి వాళ్ళ నాటకాలు చూసిన తరం మాది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాలు ఇంకా ఆడుతున్నాయి. స్టేజీ మీద మంటలు, వాన, గాల్లో ఎగిరే రాక్షసులు. మేం జడుసుకునేవాళ్ళం, మర్నాడు మళ్ళీ వెళ్ళేవాళ్ళం. పిల్లలకి కాస్త భయం, పక్కనే అమ్మ చెయ్యి, రెండూ కావాలి.

కరీంనగర్_స్వాతి (శాన్ ఆంటోనియో)

సత్యవతమ్మా, మీరు రాసింది చదువుతుంటే మస్తు సంతోషమైంది. మా దిక్కు హోళీకి జాజిరి ఆడేది. పిల్లలం కోలలు పట్టుకొని ఇంటింటికీ పోయి పాడితే బియ్యమో, పైసలో పెట్టేటోళ్ళు.

ఇక్కడ కూడా వేషాలేసుకొని ఇల్లిల్లూ తిరిగే ఆచారం పాతదే. స్కాట్లాండ్, ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ళు తెచ్చుకున్నరు. మధ్యల ఈ రాత్రి కుర్రకారు అల్లరికి పెట్టింది పేరైంది. గేట్లు పీకేసుడు, పశువుల్ని వీధుల్లోకి వదిలేసుడు. మిన్నెసోటాలోని అనోకా అనే ఊరు 1920లో పిల్లల కోసం పరేడ్ పెట్టి, తినిపించి, ఆ అల్లరిని పండగ వైపు మళ్ళించింది. మీ ఊరి థియేటర్ చేస్తున్నది ఆ లైన్‌లనే ఉంది అక్కా. ఊరు మొత్తం కలిసి పిల్లలకి ఒక చోటు చూపిస్తున్నది.

అజయ్_సియాటెల్

క్యాండీలో ఎవరైనా ఏదైనా కలుపుతారేమోనని చాలామంది ఇండియన్ పేరెంట్స్‌కి టెన్షన్. జోయెల్ బెస్ట్ అనే సోషియాలజిస్ట్ 1958 నుంచి వచ్చిన వార్తలన్నీ దశాబ్దాలుగా పరిశీలిస్తున్నారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు పంచిన క్యాండీలో విషం వల్ల పిల్లలు చనిపోయినట్టు రుజువైన కేసు ఒక్కటీ ఆయనకి దొరకలేదు. విప్పిన ప్యాకెట్ ఉంటే పారేయండి, అంతకుమించి భయం అక్కర్లేదు.

అసలు ప్రమాదం రోడ్డు మీద. 1975 నుంచి 2016 దాకా లెక్కలు తీసి 2019లో జామా పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో ఒక పరిశోధన వేశారు. హాలోవీన్ సాయంత్రం పాదచారులు కార్ల కింద పడి చనిపోయే ప్రమాదం మామూలు సాయంత్రాలకంటే 43 శాతం ఎక్కువని తేలింది. చీకట్లో, నల్ల బట్టల్లో, మాస్క్ అడ్డంతో పిల్లలు రోడ్డు దాటుతుంటారు మరి. అందుకే మధ్యాహ్నం పూట, ఒకే కప్పు కింద జరిగే ఇలాంటివి అయిదేళ్ళ పిల్లలకి చాలా మంచివి.

అన్షు_అమ్మ

లలితగారి థ్రెడ్‌లో నా ప్రశ్న అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా బాబుకి ఆటిజం. పెద్ద శబ్దాలు, చీకటి పడవు. వీధుల్లో తిప్పడం వాడివల్ల కాదు. థియేటర్ అంటే ఆశగా ఉంది, కానీ ఆర్గన్ అనగానే గుండె దడ. ఎవరికైనా అనుభవం ఉందా?

పద్మజ_అట్లాంటా

అన్షు వాళ్ళమ్మగారూ, నేనిక్కడ ఒక పాత థియేటర్లో వాలంటీర్ అషర్‌గా (ప్రేక్షకులకి సీట్లు చూపించే పని) చేస్తుంటాను. మీ ప్రశ్న మాకు తరచూ వస్తుంది. ముందు రోజు బాక్సాఫీస్‌కి ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: ఆర్గన్ ఏ టైంలో వాయిస్తారు, హాల్లో లైట్లు వేసే ఉంచుతారా, కాసేపు ప్రశాంతంగా కూర్చునే గది ఉందా. కొన్ని చోట్ల మొదటి అరగంటో గంటో శబ్దం తగ్గించి, ఇలాంటి పిల్లలకే కేటాయిస్తారు. లేకపోయినా అడగండి, అడిగితేనే వచ్చే ఏడాది పెడతారు. చెవులకి హెడ్‌ఫోన్స్ తీసుకెళ్ళండి. బాబు "ట్రిక్ ఆర్ ట్రీట్" అనలేకపోతే ఏం ఫర్వాలేదు, బల్ల దగ్గరున్నవాళ్ళు ఎదురుచూడరు.

ఆర్గన్ గురించి చెప్పాలి. మూకీ సినిమాల కాలంలో తెరమీది మొత్తం శబ్దం ఒక్క మనిషే ఆ వాద్యంతో ఇచ్చేవాడు. పైపులు మనకి కనపడవు, స్టేజీకి రెండువైపులా గోడల వెనక గదుల్లో ఉంటాయి. అందుకే శబ్దం గోడలోంచి వచ్చినట్టుంటుంది, దిగువ స్వరాలు వాయిస్తే కుర్చీ చేతులు కూడా వణుకుతాయి. పిట్ట కూత, గుర్రపు డెక్కలు, రైలు కూత, డప్పులు కూడా ఆ గదుల్లోనే అసలైనవే ఉంటాయి. ఇక్కడి ఫాక్స్ థియేటర్లో 1929 నాటి మోలర్ కంపెనీ ఆర్గన్‌కి 3,622 పైపులు. ఆర్గనిస్ట్ కింద గోతిలోంచి లిఫ్ట్ మీద వాయిస్తూ పైకొస్తుంటే పెద్దవాళ్ళం కూడా నోరెళ్ళబెట్టి చూస్తాం.

ఇంకొకటి. స్టేజీ వెనక్కి తీసుకెళ్తారన్నారు కదా. స్టేజీ మధ్యలో ఇనుప స్టాండుకి ఒక్క బల్బు, చుట్టూ చిన్న తీగ బోను ఉన్న దీపం కనిపిస్తే పాపకి చూపించండి. దాన్ని ఘోస్ట్ లైట్ అంటారు. అందరూ ఇళ్ళకి వెళ్ళాక రాత్రంతా అది వెలుగుతూనే ఉంటుంది. చీకట్లో ఎవరైనా లోపలికొస్తే ముందున్న ఆర్కెస్ట్రా గోతిలో పడకుండా పెట్టే దీపం. కానీ రంగస్థలం వాళ్ళు మాత్రం థియేటర్లో ఉండిపోయిన ఆత్మలు ఆడుకోవడానికని చెబుతారు. మీ అత్తగారికి ఈ మాట చెప్పి చూడండి. దీపం పెట్టడమే కదా, ఆవిడకి నచ్చొచ్చు.

ఫాక్స్ 1929 క్రిస్మస్ రోజున తెరిచారు. 1970లకి వచ్చేసరికి టీవీ దెబ్బకి డౌన్‌టౌన్ థియేటర్లన్నీ ఖాళీ. టెలిఫోన్ కంపెనీ హెడ్డాఫీసు కోసం దాన్ని పడగొట్టబోతే ఊళ్ళో జనం అడ్డం పడ్డారు. బడిపిల్లల చిల్లర డబ్బులతో సహా విరాళాలు పోగయ్యాయి. 1975లో ఒక లాభాపేక్ష లేని సంస్థ కొనేసింది. న్యూయార్క్ రాక్సీ (1960), శాన్ ఫ్రాన్సిస్కో ఫాక్స్ (1963) అప్పటికే నేలమట్టమయ్యాయి. ఇంత అందంలోనూ ఒక మచ్చ ఉంది. 1960ల దాకా నల్లజాతి ప్రేక్షకులకి బయట విడిగా మెట్లు, పైన విడిగా గ్యాలరీ. ఆ మెట్ల గురించి నేను మాత్రం అడగని పిల్లలకి కూడా చెబుతాను. ఒకప్పుడు అందరికీ తలుపు తెరవని ఇల్లు అది. ఇలాంటి చోట్ల ఇవాళ రంగు, భాష, టికెట్ డబ్బు ఏదీ అడగకుండా పిల్లలందర్నీ ముందు తలుపులోంచే రమ్మంటుంటే మనం వెళ్ళకపోతే ఎలా?

శ్రీధర్_ఎన్‌జె

పద్మజగారూ, ఆ చివరి విషయం నాకు తెలియదు. చెప్పినందుకు థాంక్స్. సత్యవతిగారూ, మీరన్నది నిజమే, వదిలేసింది మనమే. వెళ్ళొద్దని ఇక అనను. ఒక్క అభ్యర్థన. దయచేసి పిల్లలకి కృష్ణుడు, హనుమంతుడు వేషాలు వేసి వీటికి తీసుకెళ్ళకండి. పక్కనే ఎముకల గూళ్ళు, రక్తం కారే మాస్కులు ఉంటాయి. నాకది మనసొప్పదు.

కరీంనగర్_స్వాతి (శాన్ ఆంటోనియో)

ఇందులో శ్రీధరన్నతో నేను పూర్తిగా ఏకీభవిస్తా. అదే లెక్కన నేటివ్ అమెరికన్ ఈకల కిరీటాలు కూడా వద్దు, వాళ్ళకి అవి పూజనీయం. మా పాపకి బొంతపురుగు వేషం వేసినం. ఎవరికీ కష్టం లేదు.

ఎబర్సన్ పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా శాన్ ఆంటోనియో మెజెస్టిక్ (1929) కూడా ఆయనదే. కప్పు మీద మేఘాలు కదులుతుంటయి. వాటి కోసం అప్పట్లో బ్రెనోగ్రాఫ్ అనే ప్రొజెక్టర్ వాడేటోళ్ళు. ఆయన వియన్నాలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి అమెరికా వచ్చిన మనిషి. మనలాగే వలస వచ్చినోడే.

వసంత_వెజ్

లలితగారి క్యాండీ ప్రశ్న ఎక్కడో మధ్యలో ఉండిపోయింది. మాది కూడా గుడ్డు తినని ఇల్లే కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

జెలటిన్ అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. గమ్మీ బేర్స్‌లో, మార్ష్‌మాలోస్‌లో మామూలుగా ఉంటుంది. అమెరికాలో అమ్మే స్టార్‌బర్స్ట్‌లో ఉంది, స్కిటిల్స్‌లో ఇప్పుడు లేదు. క్యాండీ కార్న్ చూడ్డానికి మొక్కజొన్న గింజలా అమాయకంగా ఉంటుంది కానీ, ఎక్కువగా దొరికే బ్రాక్స్ వాళ్ళ దాంట్లో జెలటిన్‌తో పాటు లక్క పురుగుల నుంచి వచ్చే మెరుపు పూత కూడా ఉంటుంది. చాలామందికి తెలియనిది గుడ్డు సంగతి. స్నికర్స్, మిల్కీ వే, త్రీ మస్కటీర్స్ మూడింట్లోనూ గుడ్డు తెల్లసొన వాడతారు. కిట్ క్యాట్, మామూలు హెర్షీ మిల్క్ చాక్లెట్, డమ్ డమ్స్, స్మార్టీస్‌లో జెలటిన్, గుడ్డు రెండూ లేవు. చిన్న సైజు ప్యాకెట్ల మీద పదార్థాల జాబితా ఉండకపోవచ్చు, ఫోన్‌లో చూసుకోవాలి.

పల్లీల అలర్జీ ఉన్నవాళ్ళు ఇంకో మాట గమనించండి. ఒకే క్యాండీ పెద్ద సైజు, చిన్న సైజు వేర్వేరు ఫ్యాక్టరీల్లో తయారు కావచ్చు. పెద్దది పడింది కదా అని చిన్నది ఇచ్చేయకండి. బల్ల మీద నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగు గుమ్మడికాయ కనిపిస్తే అక్కడ తినేవి కాకుండా బొమ్మలు, స్టిక్కర్లు కూడా ఉన్నాయని అర్థం. టెనెసీలో మొదలైన ఆలోచనని ఫేర్ అనే అలర్జీ సంస్థ 2014లో దేశమంతా తీసుకెళ్ళింది.

మా ఇంట్లో పద్ధతి: పిల్లలు తెచ్చినవన్నీ బల్ల మీద పోస్తారు, తినకూడనివి పక్కకి తీస్తే వాటి బదులు ఇంట్లో కొనిపెట్టినవి ఇస్తాను. ఏడుపుల్లేవు.

లలిత_ఒహాయో

అందరికీ పేరుపేరునా థాంక్స్. వెళ్ళొచ్చాం!

అత్తయ్యగారు ముందు రానన్నారు. పద్మజగారు రాసిన ఘోస్ట్ లైట్ సంగతి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, శనివారం పొద్దున్న మాత్రం చీర మార్చుకుని కూర్చున్నారు. లాబీలో ఎర్ర తివాచీ, పాలరాతి మెట్లు, ఇత్తడి కమ్మీ. కమ్మీ మీద వందేళ్ళుగా చేతులు రాసుకుని అక్కడక్కడా బంగారంలా మెరుస్తోంది. క్యూ వీధి మూల దాకా ఉన్నా చకచకా కదిలింది. ఫైర్ స్టేషన్ వాళ్ళు పాపకి హెల్మెట్ పెట్టారు. బాబు మాస్క్ వేసుకున్న ఒకాయన్ని చూసి ఏడుపు మొదలెడితే ఆయనే మోకాళ్ళ మీద కూర్చుని మాస్క్ తీసి నవ్వాడు. వాడూ నవ్వాడు.

స్టేజీ వెనక దీపం ఉంది! గట్టి వెలుతురులో వెలుగుతోందో లేదో కూడా తెలియలేదు, కానీ అత్తయ్యగారు దాని దగ్గర ఆగి చెప్పులు పక్కకి విప్పి దణ్ణం పెట్టుకున్నారు. అక్కడున్న వాలంటీర్, తెల్లజుట్టు పెద్దావిడ, ఎందుకని అడిగితే నేను చెప్పాను. ఆవిడ పెళ్ళికి ముందు తన భర్తతో మొదటి సినిమా చూసింది ఈ థియేటర్లోనేనట. అత్తయ్యగారు విజయవాడ వాళ్ళు. "మా ఊళ్ళో మారుతీ టాకీస్ 1921లోనే కట్టారని చెప్పవే" అన్నారు. నేను మధ్యలో తర్జుమా చేస్తుంటే ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. క్యూ వాళ్ళని చుట్టుకుని ముందుకి సాగిపోయింది.

క్యాండీలో సగానికి పైగా పక్కకి తీశాం వసంతగారూ, మీ లిస్టు ఫోన్‌లో పట్టుకునే తిరిగాను.

వచ్చే ముందు మేనేజర్‌ని అడిగాను. ఊళ్ళోవాళ్ళు ఎవరైనా గ్రూపుగా బల్ల తీసుకోవచ్చట. డబ్బు కట్టక్కర్లేదు, పంచేవి మనమే తెచ్చుకోవాలి. వచ్చే ఏడాది మా తెలుగు ఇళ్ళన్నీ కలిసి ఒకటి తీసుకుందాం అనుకుంటున్నాం. ఏం పంచితే బాగుంటుంది?

సత్యవతి_తెనాలి

పప్పుబెల్లాలు పంచండమ్మా! నేనూ వస్తా.

వసంత_వెజ్

సత్యవతిగారూ, మాటే నోరూరిస్తోంది కానీ ఇలాంటిచోట ఇంట్లో చేసినవి సాధారణంగా ఒప్పుకోరు, కంపెనీ సీలుతో ఉన్న ప్యాకెట్లే. పల్లీ చిక్కీ అలర్జీల వల్ల అసలే వద్దు. నువ్వులుండలు కూడా ఆలోచించాలి, 2023 నుంచి ఇక్కడ నువ్వుల్ని కూడా ముఖ్యమైన అలర్జీ పదార్థాల్లో చేర్చారు. సీలు చేసిన చిన్న మామిడి తాండ్ర ప్యాకెట్లు దొరుకుతాయి, లేబుల్ చదివి తీసుకోండి.

పద్మజ_అట్లాంటా

తినేవాటితో పాటు రంగుకాగితాల విల్లంబులు చేసి బల్ల మీద పెడితే? బాణం లేకుండా, ఉత్త విల్లు. ఆయుధంలా ఉందని తలుపు దగ్గర ఆపుతారేమో ముందే మేనేజర్‌కి ఫోటో పంపి అడగండి లలితా.

లలిత_ఒహాయో

అడిగి రాస్తాను. సత్యవతిగారూ, వెదురు లేకుండా దేనితో చేయొచ్చో, కాగితం ఎలా అంటించాలో కాస్త వివరంగా ఇక్కడే పెట్టగలరా? సంక్రాంతి సెలవుల్లో ఒకటి చేసి చూస్తాం.